బేకన్‌కి 200 వద్దు, 180 చాలు

మా ఎయిర్ ఫ్రయర్, అంటే వేడి గాలితో వేయించే మెషీన్, నాలుగు లీటర్లది. 1400 వాట్లు, వేడి 80 నుంచి 200 డిగ్రీల దాకా పెట్టుకోవచ్చు, ముందుకు లాగే డ్రాయరు, అందులో చిల్లుల బుట్ట. హన్మకొండ చౌరస్తా దగ్గర కొన్నాం. షాపులో అందరికీ చికెన్ లెగ్ పీసులు, ఆలుగడ్డ చిప్స్ గురించే చెప్తారు. నేను అడిగింది మాత్రం బేకన్ సంగతి, అంటే ఉప్పులో ఊరబెట్టి పల్చగా కోసిన పంది మాంసం. ఏడాది పైనే వాడాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా: ఇంట్లో తినేవాళ్లు ఇద్దరు ముగ్గురైతే, కరకరలాడే బేకన్‌కి దీన్ని మించింది లేదు. కాకపోతే దాంతో పాటు ఇచ్చిన పుస్తకం ప్రకారం చేస్తే ఇల్లంతా పొగే.

మా అత్తగారిల్లు కాజీపేట. మామయ్య రైల్వేలో చేశారు, మా ఆయన లోకో పైలట్. రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పక్కన పెరగడం వల్ల పొద్దున పూట గుడ్లతో బేకన్ తినడం మా ఆయనకి చిన్నప్పటి నుంచీ ఇష్టం. అత్తమ్మ మాత్రం పంది మాంసం ముట్టదు. ఆమె పెనం వేరు, ఆమె గిన్నెలు వేరు. ఇంతకుముందు బేకన్ వేయాలంటే బాల్కనీలో చిన్న స్టవ్ పెట్టి, పాత పెనం బయటికి తీసి, చేతుల మీద చిట్లకుండా దూరంగా నిలబడి తిప్పాల్సి వచ్చేది. ఇప్పుడా అవస్థ లేదు. ఎయిర్ ఫ్రయర్‌ని వాషింగ్ మెషీన్ పక్కన పెట్టాం. దాని బుట్ట దానిదే, వంటింట్లోకి రాదు. అత్తమ్మ తినేవేవీ అందులో చేయం. ఆమెకి ఇబ్బంది లేదు, మాకు మొహమాటం లేదు. మాలాంటి ఇళ్లు ఇక్కడ చాలానే ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క కారణానికే మెషీన్ కొనొచ్చంటాను.

అక్కడ పెట్టడానికి ఇంకో కారణం 16 ఆంపియర్ల సాకెట్. 1400 వాట్లంటే ఆరు ఆంపియర్లు దాటుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే చిన్న సాకెట్‌కి అది భారం, ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలే వద్దు. కరెంటు బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు, పది నిమిషాలు ఆగకుండా నడిచినా పావు యూనిట్ కూడా కాలదు.

బేకన్ అంటే పంది పొట్ట భాగం మాంసం. ఉప్పులో ఊరబెట్టి, పొగ పట్టించి, పల్చగా కోస్తారు. ఒక ఎర్ర చార, ఒక తెల్ల చార, మాంసమూ కొవ్వూ వరసగా ఉంటాయి. హన్మకొండ సూపర్ మార్కెట్ల ఫ్రీజర్లలో ఒకోసారి దొరుకుతుంది, ఒకోసారి దొరకదు. సికింద్రాబాద్ నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకుంటాం. రైల్లో రెండు గంటల దారే కదా, థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టి తెస్తే ఏమీ కాదు. ప్యాకెట్ మీద స్ట్రీకీ (ఈ చారలున్న రకం) అని రాసి ఉన్నదే తీసుకోండి. బ్యాక్ బేకన్ అని ఉంటే అది నడుము వైపు మాంసం. కొవ్వు తక్కువ, ఎంత కాల్చినా సాగుతుందే తప్ప కరకరలాడదు. గడ్డకట్టిన ప్యాకెట్‌ని ముందురోజు రాత్రే ఫ్రీజర్లోంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. లేకపోతే ముక్కలు విడదీసేటప్పుడు చినిగిపోతాయి.

ఇక అసలు విషయం. పుస్తకంలో బేకన్‌కి 200 డిగ్రీలు అని అచ్చేశారు. ఫిలిప్స్ వాళ్లు 2010లో ఎయిర్ ఫ్రయర్ మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచీ ఈ బుట్ట రకం మెషీన్లన్నీ దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తాయి. పైన వేడెక్కే కాయిల్, దాని మీద ఫ్యాన్. వేడి గాలి బుట్టలోంచి కిందికి దూసుకెళ్లి మళ్లీ పైకి తిరుగుతుంది. బేకన్‌లోంచి కరిగిన కొవ్వు కారి డ్రాయరు అడుగున చేరుతుంది. పంది కొవ్వు ఇంచుమించు 190 డిగ్రీల దగ్గర పొగ లేస్తుంది. 200 పెడితే ఇంకేముంది, డ్రాయరు సందుల్లోంచి నీలం పొగ, కళ్ల మంట. అత్తమ్మ హాల్లోంచి "ఏందే బిడ్డా, ఏమన్న అంటుకుందా?" అనుకుంటూ లేచొచ్చింది. పోనీ ముక్కలైనా బాగా వచ్చాయా అంటే అదీ లేదు. అంచులు నల్లగా చేదెక్కాయి, మధ్యలో కొవ్వు మాత్రం తెల్లగా మెత్తగానే ఉంది. కొవ్వు కరగడానికి టైము పడుతుంది. వేడి మరీ ఎక్కువైతే అది కరిగేలోపే పక్కనున్న మాంసం మాడిపోతుంది. బేకన్‌కి కరకర వచ్చేది కొవ్వు పూర్తిగా కరిగి, తడంతా పోయినప్పుడే. పుస్తకం రాసినవాళ్లు ఈ పట్టిక వేసే ముందు ఒక్కసారి వండి చూడాల్సింది.

180 పెట్టండి. ముందుగా వేడిచేయడం వద్దు, చల్లటి బుట్టలోనే పేర్చండి. ముక్కల్ని సగానికి కోసి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఒకే వరసలో పెడితే మా బుట్టలో ఆరు పడతాయి. మెషీన్ ఆన్ చేయకముందే డ్రాయరు అడుగున రెండు మూడు చెంచాల నీళ్లు పోయండి. కారే కొవ్వు ఆ నీళ్లలో పడుతుంది, పొగ రాదు. మధ్యలో మాత్రం పోయొద్దు, కాగిన కొవ్వు మీద నీళ్లు పడితే మొహం మీదికి చిమ్ముతుంది.

మూడో నిమిషంలో డ్రాయరు లాగి చూస్తే ముక్కల మీద తెల్లటి నురగ కనిపిస్తుంది. అది ఊరబెట్టినప్పటి ఉప్పునీళ్లూ, మాంసంలోంచి వచ్చిన ప్రొటీనూ, కంగారు పడొద్దు. ఐదో నిమిషానికి తెల్ల చారల్లో తెలుపు తగ్గి అవతలిది కనిపించేంత పల్చబడతాయి. అప్పుడు పటకారుతో ఒకసారి తిప్పండి. ఏడు దాటేసరికి నురగ ఎండిపోతుంది, అంచులు అలలు తిరుగుతాయి, వాసన కూడా మారుతుంది. ప్యాకెట్ విప్పినప్పటి పొగ వాసన పోయి వేపుడు వాసన వస్తుంది. తొమ్మిది పది నిమిషాల మధ్య ఆపండి, మందంగా కోసిన ముక్కలైతే పన్నెండు. తీసేటప్పుడు ముక్క ఇంకా కొంచెం వంగాలి. పళ్లెంలో పెట్టిన ఒకట్రెండు నిమిషాల్లో గట్టిపడి, విరిస్తే టక్కున విరుగుతుంది. మెషీన్లోనే విరిగేంత గట్టిపడేదాకా ఉంచారా, తినేసరికి మాడు రుచి. నూనె పీల్చడానికి టిష్యూ వాడండి, న్యూస్ పేపర్ వద్దు. ఆ సిరా తిండికి అంటుకోవడం మంచిది కాదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా చెప్పింది.

బాగా పల్చటి ముక్కలతో ఒక చిక్కుంది. ఫ్యాన్ గాలికి అవి లేచి పైన కాయిల్‌కి తగులుతాయి. నేను వేడి గిన్నెలు దించుకునే చిన్న స్టీలు జాలీ స్టాండు వాటి మీద పెడతాను. లేవవు, పైగా చదునుగా వేగుతాయి.

ఎక్కువ మందికి చేయాలంటే మాత్రం ఇది విసిగిస్తుంది. ఒక వాయికి ఆరు సగం ముక్కలంటే ఎవరికి సరిపోతుంది? క్రిస్మస్‌కి చుట్టాలు వచ్చినప్పుడు వాయి మీద వాయి వేస్తూనే ఉండాలి. ప్రతి వాయికీ డ్రాయరు బయటికి తీసి, కాస్త చల్లారాక కొవ్వు వంచేసి, మళ్లీ నీళ్లు పోసి పెట్టాలి. రెండో వాయికి బుట్ట వేడిగానే ఉంటుంది కాబట్టి రెండు నిమిషాలు తగ్గించుకోవాలి.

పెనంతో పోలిస్తే? పెనం మీద బేకన్ తన కొవ్వులో తనే వేగుతుంది, ఆ రుచి కొంచెం చిక్కగా ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ పెనం మీద మాంసం ముడుచుకుని ముక్క వంకర్లు పోతుంది, పెనానికి ఆనిన చోట వేగి, ఆననిచోట పచ్చిగా మిగులుతుంది. గాలికైతే ఆ తేడా లేదు, ముక్క మొత్తం ఒకే తీరుగా వేగుతుంది. నాకు ఆ కరకరే ముఖ్యం.

గుడ్లు, బ్రెడ్డుతో అందరూ తింటారు. మా ఇంట్లో దీనికి అసలైన జోడీ పచ్చిపులుసు. వేడన్నంలో పచ్చిపులుసు పోసుకుని, ఉల్లిగడ్డ ముక్కలు పంటి కింద పడుతుంటే, పక్కన విరిచిన బేకన్ నంజుకోవాలి. ఆ పులుపుకి ఈ ఉప్పు, ఆ చల్లదనానికి ఈ వేడి కరకర. ఉప్పు మాత్రం పచ్చిపులుసులో సగమే వేయండి, బేకన్‌లో ఉన్నది చాలు. ఇంకోటి, మన వరంగల్ చపాటా మిర్చి కారం. 2025లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక పంటగా గుర్తింపు, వచ్చింది దానికే. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. చెంచా బెల్లం తురుములో అర చెంచా ఈ కారం కలిపి, ఆఖరి రెండు నిమిషాలకి ముందు ముక్కల మీద చల్లండి. ఎర్రటి నిగనిగ వస్తుంది, నోరు మండదు. మొదట్లోనే చల్లితే బెల్లం నల్లగా మాడి బుట్టకి పట్టేస్తుంది.

పక్కింటి వదిన సర్వపిండి కూడా ఇందులో అవుతుందా అని అడిగింది. వద్దన్నాను. అది నూనె పీల్చుకుంటూ గిన్నె అడుగున మెల్లగా కాలాల్సింది, గాలికి పెడితే ఎండిపోతుంది.

నూనె లేకుండా చేస్తాం కాబట్టి ఆరోగ్యానికి మంచిదని అమ్మేవాళ్లు చెప్పే మాట బేకన్ విషయంలో నమ్మకండి. కొంత కొవ్వు కారిపోతుంది, నిజమే. ఉప్పు, మాంసం పాడవకుండా కలిపే నైట్రైట్ ఎక్కడికీ పోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లోనే ఇలాంటి నిల్వ మాంసాలను క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. మేం అప్పుడప్పుడే తింటాం. మామయ్యకి బీపీ ఉంది, ఆయన పళ్లెంలో అసలు వేయను.

కారిన కొవ్వుని సింకులో వంచొద్దు, పైపులో గడ్డకట్టి నీళ్లు ఆగిపోతాయి. నీళ్లతో కలిసి ఉంటుంది కాబట్టి స్టీలు గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన తెల్లగా పేరుకుంటుంది. దాన్ని తీసి డబ్బాలో పెట్టుకుంటే మా ఆయన ఆమ్లెట్‌కి వారం సరిపోతుంది. బుట్టని స్టీలు పీచుతో రుద్దకండి. వేడినీళ్లలో కాస్త సబ్బు వేసి నానబెట్టి, మెత్తటి స్పాంజితో తుడిస్తే వదులుతుంది. పైన కాయిల్ మీద చిట్లిన కొవ్వుని, మెషీన్ పూర్తిగా చల్లారి ప్లగ్ తీశాక, తడి గుడ్డతో తుడవాలి. వదిలేస్తే తర్వాతి వాయికి అదే పొగ.

ఎంత జాగ్రత్తగా వాడినా మా బుట్ట మూల దగ్గర నల్ల కోటింగ్ లేచింది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే బుట్ట ఒక్కటే కొత్త మెషీన్ ధరలో దాదాపు సగం చెప్పారు, అదీ తెప్పించాలట, ఎప్పుడొస్తుందో మాట ఇవ్వలేదు. వారంటీ మోటారుకి, కాయిల్‌కే, బుట్టకి కాదన్నారు. ఈ మాట కొన్నరోజు ఎవరూ చెప్పలేదు, అదే నాకు కోపం. మెషీన్ పని మీద నాకు ఫిర్యాదు లేదు, ఇప్పటికీ ఇందులోనే చేస్తున్నాను. మీరు కొనేటప్పుడు మాత్రం విడి బుట్ట ధర ఎంతో, వారంటీ బుట్టకి కూడా వర్తిస్తుందో లేదో అడిగి, బిల్లు వెనకాల రాయించుకోండి. వీలైతే స్టీలు బుట్ట ఉన్న మోడల్ చూడండి.