ఎడీ ఉన్న పర్‌డ్యూ, ఎడీ లేని పర్‌డ్యూ: ఒక అభిమాని లెక్క

2024 ఏప్రిల్ 8న అరిజోనాలోని గ్లెండేల్‌లో జరిగిన అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్లో పర్‌డ్యూ జట్టు మూడు పాయింట్ల గీత అవతలి నుంచి వేసిన షాట్లు ఏడంటే ఏడు. రింగులో పడింది ఒకటి. సీజనంతా అదే దూరం నుంచి వందకు నలభై పడేసిన జట్టు ఇది. కనెక్టికట్ 75, పర్‌డ్యూ 60. మర్నాడు ఆఫీసులో నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు: "పాపం, మీవాళ్లకు నిన్న చేయి కుదరలేదు." నా బాధ వేరు. చేయి కుదరకపోవాలంటే ముందు చేయి ఎత్తే సందు దొరకాలి. అదే దొరకలేదు. ఎందుకు దొరకలేదో తెలిస్తే ఈ జట్టు బలం, బలహీనత రెండూ తెలుస్తాయి.

నేను పర్‌డ్యూ యూనివర్సిటీలో ఎంఎస్ చదివాను. ఇప్పుడు గంట దూరంలో, ఇండియానాపోలిస్‌లో ఉద్యోగం. నరసరావుపేటలో మా బడి ఆవరణలో బాస్కెట్‌బాల్ స్తంభాలు రెండు ఉండేవి కానీ వాటికి రింగులు ఉండేవి కావు. ఈ ఆటను మొదటిసారి సరిగ్గా చూసింది మా యూనివర్సిటీ ఊరు వెస్ట్ లఫాయెట్‌లోని మ్యాకీ అరీనాలోనే. 1967లో కట్టిన ఆ కట్టడానికి గుండ్రటి గుమ్మటం కప్పు. పద్నాలుగు వేల పైచిలుకు గొంతులు ఒకేసారి లేస్తే ఆ అరుపు పైకి పోయి, మళ్లీ మన నెత్తి మీదే పడుతుంది. చదువు అయిపోయినా ఏటా నాలుగైదు మ్యాచ్‌లకు వెళ్లకుండా ఉండలేకపోయాను.

జాక్ ఎడీ గురించి ముందు చెప్పాలి. ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు, బరువు సుమారు 136 కిలోలు. ఊరు కెనడాలోని టొరంటో. చిన్నప్పుడు ఆడింది ఐస్ హాకీ, బేస్‌బాల్. బాస్కెట్‌బాల్‌కు వచ్చింది హైస్కూల్లో. 2023-24 సీజన్లో సగటున మ్యాచ్‌కు 25.2 పాయింట్లు సాధించి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచాడు. 12.2 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం) అదనం. ఏటా కాలేజీ ఆటగాళ్లలో ఉత్తముడికి ఇచ్చే నైస్మిత్ అవార్డును వరుసగా రెండేళ్లు అందుకున్నాడు. ఎనభైల మొదట్లో రాల్ఫ్ శాంప్సన్ తర్వాత అలా అందుకున్నవాడు మరొకడు లేడు. ఈ అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ఎడీ ఆట అర్థమైంది మాత్రం మా బావమరిది వల్ల.

వాడు జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడినవాడు. ఆ శీతాకాలంలో మా ఇంటికి వస్తే మ్యాకీకి తీసుకెళ్లాను. బాస్కెట్‌బాల్ నియమాలు ఒక్కటీ తెలియవు. మొదటి పది నిమిషాలు మాట్లాడకుండా చూసి, నా మోచేయి పట్టుకుని అన్నాడు: "బావా, బంతిని వదిలెయ్. ఆయన పాదాలు చూడు. పాదం పడిందంటే పట్టు పడినట్టే." అప్పటి నుంచి నేను బంతిని చూడటం మానేశాను. ఎడీ అవతలి కొస నుంచి పరుగెత్తి వస్తాడు. రింగుకు ఎడమ పక్కన ఆగి, తనను కాపలా కాసేవాడి ముందు కాలికి అడ్డంగా తన పాదం వేస్తాడు. నడుము కిందికి దించుతాడు. అంతే, వెనకనున్నవాడు ఎంత తోసినా ముందుకు రాలేడు. ఆ తర్వాతే చేయి పైకి లేస్తుంది. ఆ చేతికి తప్ప ఇంకెవరికీ అందనంత ఎత్తులో బంతి వస్తుంది. అందుకున్నాక ఒక్క భుజం తిప్పడం, కుడిచేత్తో నెమ్మదిగా రింగు మీదికి వదలడం. కాపలావాడు ఉన్న బలమంతా కూడదీసుకుని ఎగిరితే వాడి వేళ్లు ఎడీ మోచేతి దాకా వస్తాయి. ఎత్తుంటే చాలు ఎవరైనా అలా ఆడతారని చెప్పేవాళ్లు ఒక్కసారి ఆ పాదాలు చూడాలి. ఎత్తు తల్లిదండ్రులు ఇచ్చినదే. ఆ పాదం వేసే పద్ధతి మాత్రం అతను నాలుగేళ్లు చెమటోడ్చి నేర్చుకున్నది.

అతని దగ్గరికి బంతి వెళ్లగానే ప్రత్యర్థి జట్టులో ఇంకొకడు సాయానికి పరుగెత్తుతాడు. ఇద్దరు ఎడీ మీద పడ్డారంటే బయట ఒకడు ఖాళీగా ఉన్నట్టే కదా. బంతి బయటికి వస్తుంది. ఫ్లెచర్ లోయరో, మేసన్ గిల్లిసో గీత అవతల కాళ్లు సర్దుకుని ఎదురుచూస్తూ ఉంటారు. ఇద్దరూ మా ఇండియానా రాష్ట్రం పిల్లలే. బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపించే పాయింట్ గార్డ్ బ్రేడెన్ స్మిత్ కూడా ఇక్కడికి దగ్గరలోని వెస్ట్‌ఫీల్డ్ వాడు, ఆరడుగులవాడు. ఎడీ అడ్డుగా నిలబడితే అతని పక్క నుంచి దూసుకుపోయి, కాపలావాడు ఎటు తిరుగుతాడో చూసి బంతి వేస్తాడు. ఆ ఒక్క క్షణం ఆగి చూడటం ఉందే, అది ఈ వయసు పిల్లల్లో చాలా అరుదు. నన్నడిగితే ఎడీ తర్వాత ఈ జట్టులో ఎక్కువ విలువైనవాడు స్మిత్. ఎడీ పాయింట్లలో ఎన్ని స్మిత్ చేతి మీదుగా వచ్చాయో మ్యాచ్‌లు వరుసగా చూసినవాళ్లకు తెలుసు.

ఈ జట్టును మెచ్చుకునేటప్పుడు 2023 మార్చి 17ను మర్చిపోకూడదు. ఆ రాత్రి కొలంబస్‌లో, జాతీయ టోర్నీ మొదటి రౌండులోనే, ఒకటో సీడ్ (బలాన్ని బట్టి ఇచ్చే వరుసలో మొదటిది, పదహారు చివరిది) పర్‌డ్యూ పదహారో సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో 63-58తో ఓడింది. పురుషుల టోర్నీలో ఒకటో సీడ్ పదహారో సీడ్ చేతిలో ఓడటం చరిత్రలో అది రెండోసారి. పైగా వాళ్లు దేశంలోకెల్లా పొట్టి జట్టు. అంతకుముందు ఏడాది సెయింట్ పీటర్స్, ఆ ముందు ఏడాది నార్త్ టెక్సస్. వరుసగా మూడేళ్లు చిన్న జట్ల చేతుల్లో ఓటమి. ఫెయిర్లీ డికిన్సన్ మ్యాచ్‌లో ఎడీ 21 పాయింట్లు, 15 రీబౌండ్లు తెచ్చాడు. అతని తప్పేమీ లేదు. స్మిత్, లోయర్ ఇద్దరూ అప్పుడు మొదటి ఏడాది కుర్రాళ్లు. బంతి పట్టుకుని ముందుకు వస్తుంటే పొట్టి గార్డులు కాళ్లకు అడ్డం పడి ఊపిరి తిప్పుకోనివ్వలేదు. పర్‌డ్యూ 16 సార్లు బంతి పోగొట్టుకుంది. మూడు పాయింట్ల షాట్లు 26 వేస్తే ఐదు పడ్డాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వారం పాటు మా ఇంట్లో ఎవరూ బాస్కెట్‌బాల్ మాట ఎత్తలేదు.

కోచ్ మ్యాట్ పెయింటర్ మీద నాకున్న గౌరవం ఆ ఓటమి తర్వాతే పెరిగింది. ఆయన జట్టును కూలదోసి మళ్లీ కట్టలేదు. రోగం ఎక్కడుందో సరిగ్గా అక్కడే మందు వేశాడు. సదరన్ ఇల్లినాయ్ యూనివర్సిటీ జట్టు నుంచి లాన్స్ జోన్స్‌ను తెచ్చాడు. జోన్స్ వేగం ఉన్నవాడు, బంతి మోయగలవాడు, అవతలి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైన గార్డును వెంటాడగలవాడు. ఒక్క మనిషి చేరికతో స్మిత్ భుజాల మీది బరువు సగం తగ్గింది. నవంబరులో హోనొలూలూలో గొన్జాగా, టెనెస్సీ, మార్క్వెట్ జట్లను వరుసగా ఓడించినప్పుడే ఈ తేడా కనిపించింది. మార్క్వెట్ లాంటి చురుకైన గార్డులున్న జట్టు మీద చివరి నిమిషాల్లో బంతి చేజారకుండా నిలబడటం కిందటేడు ఊహించలేం. ఆ సీజన్ ముగిసేసరికి 34 గెలుపులు, 5 ఓటములు.

డెట్రాయిట్‌లో టెనెస్సీ మీద గెలిచి ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల దశ) చేరిన రోజు నేను టీవీ ముందు నేల మీద కూర్చుని ఉన్నాను. కుర్చీలో కూర్చోలేకపోయాను. పర్‌డ్యూ చివరిసారి అక్కడికి చేరింది 1980లో, నేను పుట్టకముందు. ఎడీ 40 పాయింట్లు, 16 రీబౌండ్లు. అవతల డాల్టన్ నెక్ట్ 37 పాయింట్లతో ఒంటరి పోరాటం చేశాడు. చివర్లో నెక్ట్ రింగు దాకా దూసుకొచ్చి బంతి వదిలితే ఎడీ దాన్ని చేత్తో తోసేశాడు. 72-66. అప్పుడు ఏడ్చాను. దాచుకోవలసినది ఏమీ లేదు.

ఇక బలహీనతలు. మొదటిది, ఎడీ రింగు దగ్గరే కాపలా ఉంటాడు, బయటికి రాడు. వస్తే వెనక్కి చేరేంత వేగం అతనికి లేదు కాబట్టి అది సరైన నిర్ణయమే. కానీ దానికి మూల్యం ఉంది. అవతలి గార్డు తన జట్టువాడు అడ్డంగా నిలబడి వేసిన తెర పక్క నుంచి వచ్చాడంటే రింగుకు పదిహేను అడుగుల దూరంలో అతనికి నింపాదిగా షాట్ దొరుకుతుంది. నార్త్‌వెస్టర్న్ గార్డు బూ బ్యూయి 31 పాయింట్లు అలాగే లాగాడు. నెబ్రాస్కా ఇంకొంచెం వెనక్కి జరిగి మూడు పాయింట్ల షాట్లతో ముంచింది. రెండూ పరాయి మైదానాల్లో వచ్చిన ఓటములే.

రెండోది, నాకు ఎక్కువ దిగులు కలిగించినది, ఎడీకి ఊపిరి తీసుకునే వ్యవధి లేకపోవడం. పెద్ద మ్యాచ్‌లలో దాదాపు పూర్తిగా అతనే మైదానంలో ఉండేవాడు. మా జట్టులోని ట్రే కాఫ్‌మన్-రెన్ మంచి ఆటగాడే కానీ రింగును కాపాడే ఎత్తు కాదు. కనెక్టికట్‌కు ఆ బాధ లేదు. డోనొవన్ క్లింగన్ అలసిపోతే శాంసన్ జాన్సన్ వచ్చేవాడు. ఇద్దరు మనుషులు వంతులవారీగా ఒక్కడిని రాపిడి పెట్టారు.

మూడోది, ఫైనల్లో బయటపడింది. కనెక్టికట్ కోచ్ డ్యాన్ హర్లీ ఎడీ మీదికి రెండో మనిషిని పంపలేదు. క్లింగన్‌ను ఒంటరిగా వదిలేశాడు. "నీ పాయింట్లు నువ్వు తెచ్చుకో" అన్నట్టు ఎడీని అతని దారిన వదిలి, మిగతా నలుగురిని లోయర్, గిల్లిస్, జోన్స్, స్మిత్‌ల చొక్కాలకు అంటించాడు. ఎడీ 37 పాయింట్లు తెచ్చాడు. మిగతా జట్టంతా కలిసి 23. సీజనంతా ప్రత్యర్థులు భయపడి ఇద్దరిని పంపబట్టే మనకు బయట ఖాళీ దొరికింది. భయపడనివాడు ఎదురైతే ఆ ఖాళీని సొంతంగా పుట్టించుకునే విద్య మన గార్డుల దగ్గర లేదు. మామూలుగా మ్యాచ్‌కు ఇరవై దాకా వేసే మూడు పాయింట్ల షాట్లు ఏడుకు పడిపోయింది ఇందుకే.

ఇందులో పెయింటర్‌ను తప్పు పట్టాలా? కొంత పట్టాలనే నా అభిప్రాయం. రెండో సగంలో ఎడీని రింగు దగ్గర నుంచి పైకి రప్పించి, లోయర్ కోసం అడ్డు తెరలు వేయించి ఉంటే క్లింగన్ కూడా రింగు వదిలి పైకి రావలసి వచ్చేది. కొన్నిసార్లు చేశారు, చాలినన్నిసార్లు చేయలేదు. అయినా ఆ రోజు కనెక్టికట్ మెరుగైన జట్టు అని ఒప్పుకోవాలి. విరామానికి ఆరు పాయింట్ల తేడాయే ఉంది. ట్రిస్టన్ న్యూటన్, స్టెఫన్ క్యాసిల్ లాంటి గార్డులు మా దగ్గర ఉన్నారని చెప్పలేను.

ఆ జట్టుకు మార్కులు వేయమంటే ఐదుకు నాలుగున్నర వేస్తాను. ఆ తగ్గించిన అర మార్కు రెండో సెంటర్, అంటే రింగు దగ్గర ఎడీ బదులు నిలబడే పొడుగు మనిషి, లేనందుకు.

ఎడీ వెళ్లిపోయాడు. వృత్తి లీగ్ ఎన్‌బీఏకి కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు మెంఫిస్ జట్టు అతన్ని తొమ్మిదో స్థానంలో తీసుకుంది. 2024-25 జట్టు మీద నాకు మొదట్లో ఆశలు తక్కువే ఉండేవి, కానీ స్మిత్ మేము ఆడే బిగ్ టెన్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. కాఫ్‌మన్-రెన్ మ్యాచ్‌కు ఇరవై పాయింట్లు తెచ్చాడు. దాడిలో ఈ జట్టు ఏడాది కిందటి జట్టుకన్నా చూడముచ్చటగా ఉండేది. బంతి ఒక్కచోట ఆగేది కాదు, అందరి చేతులూ తాకేది. కాపలాలోనే లోటు. ఎడీలాగే 7 అడుగుల 4 అంగుళాల కుర్రాడు డేనియల్ జేకబ్‌సెన్ సీజన్ రెండో మ్యాచ్‌లోనే కాలు విరిగి కూర్చున్నాడు. ఇక రింగు ముందు నిలబడే గోడ లేదు. అవతలి గార్డులు లోపలికి వస్తుంటే మా వాళ్లు ముగ్గురు కలిసి పరుగెత్తేవాళ్లు, మూలలో ఒకడు ఖాళీగా మిగిలిపోయేవాడు.

ఆ ఏడాది మార్చి చివర్లో హ్యూస్టన్‌తో మ్యాచ్ మా ఊళ్లోనే, లూకాస్ ఆయిల్ స్టేడియంలో. ఎటు చూసినా మా నలుపు, బంగారు రంగు చొక్కాలే. ముప్పై అయిదు సెకన్లు ఉండగా క్యామ్డెన్ హైడ్ మూడు పాయింట్ల షాట్ పడేసి 60-60 చేశాడు. మా పక్క వరుసలో ముసలాయన ఒకరు నా చేయి పట్టుకుని వదల్లేదు. చివరి రెండు సెకన్లలో హ్యూస్టన్‌కు రింగు కింద నుంచి బంతి లోపలికి వేసే అవకాశం వచ్చింది. మిలోస్ ఉజాన్ బంతి చేతిలో పట్టుకుని గీత బయట నిలబడ్డాడు. అలవాటు ప్రకారం నేను పాదాలే చూశాను. నాకు కనిపించినంతలో మా వాళ్ల పాదాలన్నీ బయటివైపు, హ్యూస్టన్ షూటర్ల వైపు తిరిగి ఉన్నాయి. ఉజాన్ బంతిని జోసెఫ్ టగ్లర్‌కు వేసి తాను లోపలికి అడుగుపెట్టాడు. టగ్లర్ తిరిగి అతనికే ఇచ్చాడు. రింగు ముందు ఎవరూ లేరు. 62-60.

ముసలాయన నా చేయి వదిలి, కోటు తొడుక్కుని, "వచ్చే ఏడు ఆ పొడుగు కుర్రాడి కాలు బాగవుతుంది కదా" అన్నారు. అవుతుందన్నాను.