1,149 రూపాయల కార్డుల కిట్: పన్నెండు పంచ్‌లలో పనికొచ్చినవి మూడే

చేత్తో గ్రీటింగ్ కార్డులు చేద్దామని ఆన్‌లైన్‌లో పెద్ద కిట్ కొనబోతున్నవాళ్లు ఒక్క పది నిమిషాలు ఆగి, ఇది చదివి కొనండి. మాది ఒడిశాలోని రాయగడ. మా పాప ఆరో తరగతి. వేసవి సెలవుల్లో ఫోన్ లాక్కుంటే ఇల్లంతా కురుక్షేత్రం అవుతోందని, దాని చేతులకి ఏదో ఒక పని పెడదామని 1,149 రూపాయలు పోసి తెప్పించాను. డబ్బాలో 12 పంచ్‌లు, జెల్లీ ముక్కల్లా పారదర్శకంగా ఉండే స్టాంపులు ఒక ముప్పై, స్టాంపు అతికించి పట్టుకోడానికి ఒక అక్రిలిక్ దిమ్మ, ఒక ఇంకు ప్యాడ్ వచ్చాయి. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, అదే డబ్బా అదే ఫొటోతో నాలుగు పేర్ల మీద అమ్ముతున్నారు.

తెలియనివాళ్లకి ఒక ముక్క. పంచ్ అంటే ఆఫీసులో ఫైలు కాగితాలకి కన్నాలు పెట్టేదాని చుట్టమే. కాకపోతే అక్కడ కన్నం కావాలి, కింద రాలిన ముక్క చెత్తబుట్టలోకి పోతుంది. ఇక్కడ రాలిన ముక్కే మనకి కావాల్సింది. ఈ కిట్‌లోవన్నీ 16 మిల్లీమీటర్లవి, అంటే బొటనవేలి గోరంత బొమ్మ పడుతుంది. గుండె, నక్షత్రం, గుండ్రం, సీతాకోకచిలుక, అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత క్రిస్మస్ చెట్టు, మేపుల్ ఆకు, టెడ్డీ బొమ్మ, మంచు తునక, గుమ్మడికాయ దెయ్యం. రాయగడలో మే నెలలో నేను మేపుల్ ఆకుని ఎవరికి పంపాలి చెప్పండి. మంచు తునక మాత్రం అనుకోకుండా కలిసొచ్చింది, ఆరు మూలలతో ఉంటుంది కదా, తెల్ల కాగితంలో కొట్టి ముదురు ఎరుపు కార్డు మీద వరసగా అతికిస్తే అచ్చం ముగ్గే. ఈ సంక్రాంతికి 14 కార్డులు అలా చేశాం, చూసినవాళ్లలో ఒక్కరు కూడా అది మంచు అనుకోలేదు.

కాగితం దగ్గర మాత్రం బాగా ఇబ్బంది పడ్డాను. ఊరి పక్కన జేకేపూర్‌లో 1962 నుంచి కాగితం మిల్లు నడుస్తోంది, అయినా పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు మా షాపుల్లో జిరాక్స్ కాగితం కట్టలు, పల్చటి చార్టులు తప్ప మందపాటి కార్డు కాగితం అడిగితే తెల్లమొహం వేస్తారు. ఇంట్లోనేమో అటక మీద పాత శుభలేఖలు రెండు సంచులున్నాయి. అటు పార్వతీపురం, విజయనగరం చుట్టాలవి, ఇటు ఊళ్లోవాళ్లవి, పదేళ్లవి ఉంటాయి. బంగారు రంగు, ఉబ్బెత్తు పూలు, ఎంత బాగుంటాయో, ఇంకేం కావాలి అనుకుని సీతాకోకచిలుక పంచ్‌లో ఒకటి పెట్టి నొక్కాను. దిగింది, పైకి రాలేదు. శుభలేఖ బయటి అట్ట చాలా మందం. కాగితం మందాన్ని జీఎస్ఎమ్‌లో చెప్తారు, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో. ఈ చిన్న పంచ్‌లు నా చేతిలో 160 జీఎస్ఎమ్ దాకా హాయిగా కోశాయి, 200 దాటితే మొరాయించాయి. డబ్బా మీద ఈ సంగతి ఎక్కడా రాయలేదు. ఇరుక్కున్నప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి పొడవకండి, బ్లేడు అంచు పోతుంది. పంచ్‌ని బోర్లించి, లోపల పడ్డ అట్టని అగ్గిపుల్లతో మెల్లగా కిందికి తోస్తే వచ్చేసింది. తర్వాత వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకు రెండు మడతలు వేసి ఒక పదిసార్లు కోస్తే పదును కాస్త తేరుకుంటుంది, కొవ్వొత్తి రుద్దిన కాగితం రెండుసార్లు కోస్తే బిగుతు తగ్గుతుంది.

శుభలేఖల లోపలి పల్చటి కాగితం మాత్రం అద్భుతంగా తెగుతుంది. ఒకటే సమస్య, అక్షరాలు. మా పాప కోసిన ఒక సీతాకోకచిలుక రెక్క మీద సరిగ్గా ‘చి.ల.సౌ.’ అని పడింది, నవ్వలేక చచ్చాం. అదే అతికించాం, తీసెయ్యబుద్ధి కాలేదు. మా అత్తయ్య మాత్రం వినాయకుడి బొమ్మ, వెంకన్న బొమ్మ ఉన్న వైపు పంచ్ పెట్టనివ్వలేదు, పక్కనే కూర్చుని కాపలా. అంచేత దేవుడి బొమ్మలన్నీ కత్తెరతో జాగ్రత్తగా కోసి ఒక డబ్బాలో పెట్టాం, అవేం చెయ్యాలో ఇంకా తేలలేదు.

పంచ్ వాడేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. మీటని పైకి పెట్టుకుని గుడ్డిగా కాగితం దూర్చేస్తాం. తిరగేసి పట్టుకోండి, కింద ఉన్న కన్నంలోంచి ఏ ముక్క తెగబోతోందో కనిపిస్తుంది, శుభలేఖ మీద బంగారు పువ్వు సరిగ్గా మధ్యలోకి తెచ్చుకోవచ్చు.

కిట్ సరిపోదని తేలాక విశాఖ వెళ్లినప్పుడు విడిగా కొన్నవి మూడే: రెండంగుళాల గుండ్రం, అంగుళం గుండ్రం, కార్డు మూలలు గుండ్రంగా చేసేది. మూడూ కలిపి 780 అయ్యాయి. నిజం చెప్పాలంటే ముందే ఇవి కొనుక్కుని ఉంటే కిట్ జోలికే పోనక్కర్లేదు. రెండంగుళాలది పిల్లల చేతికి దిగదు, నేల మీద పెట్టి అరచేతి మడమతో నొక్కాలి. పోయిన రథయాత్రకి పాప స్కూలు స్నేహితులకి (వాళ్లంతా ఒడియా పిల్లలు) జగన్నాథుడి కార్డులు చేసింది ఈ గుండ్రాలతోనే. నల్ల కాగితంలో రెండంగుళాల గుండ్రం మొహం. తెల్ల కాగితంలో 16 మిల్లీమీటర్లవి రెండు కళ్లు, చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత. కంటిపాపలకి మా ఆయన ఆఫీసు నుంచి తెచ్చిన ఫైలు పంచ్ కింద రాలిన చుక్కలు, అవి 6 మిల్లీమీటర్లు ఉంటాయి, కొలత కుదిరినట్టు కుదిరింది. ఇక నవ్వు. ఎర్ర కాగితంలో అంగుళం గుండ్రం కోసి, ఆ గుండ్రాన్నే మళ్లీ పంచ్‌లో కొంచెం పక్కకి జరిపి పెట్టి ఇంకోసారి నొక్కితే, మిగిలేది నెలవంక. దాన్ని వెల్లకిలా పెడితే జగన్నాథుడి నవ్వు. మరి కిందకి రాలిన ముక్క కోలగా, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది కదా, 16 మిల్లీమీటర్ల తెల్ల గుండ్రంతో అదే పని చేస్తే బలభద్రుడికి, సుభద్రకి కళ్లు తయారు, వాళ్ల కళ్లు గుండ్రం కాదు, తామర రేకుల్లా ఉంటాయి. ఇది నేను కనిపెట్టింది కాదు, పాప ఆడుకుంటూ ఆడుకుంటూ చేసింది.

ఇక స్టాంపులు. అసలు కోపం ఇక్కడ. కిట్‌లోవి సిలికాన్‌వి. ఇంకు పెడితే తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుపోయి, కాగితం మీద బొమ్మకి బదులు చుక్కలు పడతాయి. మొదటి రోజు పాప ఏడ్చినంత పనిచేసింది. దీనికి మందు పెన్సిల్ రబ్బరే. తెల్ల రబ్బరుతో స్టాంపు మొహాన్ని మెత్తగా రుద్దితే ఆ జిడ్డు నునుపు పోయి ఇంకు నిలుస్తుంది. కార్డు కింద నాలుగు మడతల న్యూస్‌పేపర్ వేసుకుని, అటూఇటూ ఊపకుండా తిన్నగా నొక్కి తిన్నగా ఎత్తాలి. కిట్‌లో వచ్చిన ప్యాడ్ ఎండిపోయి ఉంది. కదా అని బల్ల మీదున్న ఆఫీసు ఊదారంగు ప్యాడ్ వాడకండి, కార్డు పల్చటి ఐవరీ షీటు లాంటి నునుపు కాగితమైతే అది మర్నాటికి కూడా ఆరదు, కవర్లో పెట్టగానే ఎదురు పేజీ మీద అచ్చు పడుతుంది. డై ఇంకు (కాగితంలోకి ఇంకిపోయే రకం) ప్యాడ్ ఒకటి విడిగా కొనుక్కోండి, నిమిషంలో ఆరుతుంది. పిగ్మెంట్ ఇంకు (కాగితం పైనే నిలిచే రకం) నెమ్మదిగా ఆరుతుంది గానీ, ఎంబాసింగ్ పొడి (తడి ఇంకు మీద చల్లి వేడి చేస్తే కరిగి ఉబ్బే పొడి) చల్లేవాళ్లకి ఆ తడే కావాలి.

ఆ పొడి కూడా ప్రయత్నించాం. హెయిర్ డ్రయ్యర్ పెడితే పొడి కరగలేదు సరికదా, బంగారు పొడంతా ఎగిరి మా అత్తయ్య చదువుకుంటున్న పేపరు మీద పడింది. తర్వాత ఇస్త్రీ పెట్టెని కాటన్ వేడికి పెట్టి, వెల్లకిలా నిలబెట్టి, కార్డు వెనకవైపు దానికి అంగుళం దూరంలో పట్టుకుంటే అర నిమిషంలో పొడి కరిగి మెరుస్తూ ఉబ్బింది (ఈ పని నాదే, పాపని దగ్గరికి రానివ్వలేదు). వానాకాలంలో చేతి చెమటకి పొడి అక్కర్లేని చోట్లా అంటుకుంటుంది, ముందు కాస్త టాల్కమ్ పౌడర్ దూదితో అద్ది దులిపేస్తే అంటుకోదు.

స్టాంపుల మీద మాటలన్నీ ఇంగ్లిషే, హ్యాపీ బర్త్‌డే, థాంక్యూ, మిస్ యూ. మా చెల్లి పెళ్లిరోజుకి తెలుగులో కావాలి నాకు. పాప స్కూల్లో ఒడియా, ఇంగ్లిషు రాస్తుంది, ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా రాయమంటే పేరు దాటి ముందుకి పోదు. అందుకని కోర్టు దగ్గర రబ్బరు స్టాంపులు చేసే చిన్న షాపుకి వెళ్లాను. ఒడియా కుర్రాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. ఫ్లాష్ కావాలా పాలిమరా అన్నాడు. ఫ్లాష్ అంటే ఇంకు లోపలే నింపి ఉండేది, ప్యాడ్ అక్కర్లేదు, కానీ ఎప్పటికీ ఆ ఒక్క రంగే. కార్డులకైతే పాలిమర్ అడగండి, ఏ ప్యాడ్ మీదైనా కొట్టుకోవచ్చు. చెక్క పిడితో 180 అన్నాడు. ఫోన్లో ‘పెళ్లిరోజు శుభాకాంక్షలు’ అని టైపు చేసి పంపాను. సాయంత్రం చూపించిన నమూనాలో వత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి, ‘క్ష’ రెండు ముక్కలు, ‘ళ్లి’ రెండు ముక్కలు. అతని కంప్యూటర్లో పాత సాఫ్ట్‌వేర్, ఒడియాకి ‘ఆకృతి’ అనే ఫాంట్లున్నాయి, తెలుగుకి ఏమీ లేవు. ‘అక్కా, ఇది ఇలానే ఉంటాది కదా?’ అన్నాడు పాపం, చదవడం రాదు కాబట్టి అతనికి రెండూ ఒకటే.

అప్పుడు తట్టింది. పార్వతీపురంలో ఉన్న మా నాన్నకి ఫోన్ చేసి, తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో రాసి ఫొటో పెట్టమన్నాను. ఆయన దస్తూరి ముత్యాల్లా ఉంటుంది, ‘శు’ కొమ్ముని కిందికి లాగి చిన్న మెలిక తిప్పుతారు. కుర్రాడు అది బొమ్మగా తీసుకుని, అద్దంలోలా తిప్పి ఫిల్మ్ తీసి చేసిచ్చాడు. ఇంటికొచ్చి కొడితే ‘క్ష’కి తలకట్టు లేదు. జెల్ పెన్ను గీత సన్నం, స్టాంపు మూడంగుళాలకి కుదిస్తే ఇంకా సన్నమై, స్టాంపు తయారీలో పాలిమర్‌ని కడిగేటప్పుడు పోయింది. మళ్లీ నాన్న స్కెచ్ పెన్నుతో లావుగా, పేజీ అంతా నిండేట్టు రాసి పంపారు. రెండోసారికి కుర్రాడు డబ్బులు తీసుకోలేదు, నేనే బలవంతంగా 100 ఇచ్చాను. మెలిక దగ్గర్నుంచి అన్నీ పడ్డాయి. పెట్టిన డబ్బు మొత్తంలో నాకు బాధ లేనిది ఈ 280 ఒక్కటే.

కార్డు ఎలా చేయాలో అడుగుతారు కాబట్టి: 250 జీఎస్ఎమ్ ఏ4 షీటుని సగానికి కోసి, ఆ సగాన్ని మడిస్తే 148 బై 105 మిల్లీమీటర్ల కార్డు. మడిచే ముందు కాగితాన్ని రెండు వైపులా కొంచెం వంచి చూడండి, ఎటు సులువుగా వంగితే అటే మడవాలి, లేకపోతే మడత మీద పగుళ్లు వస్తాయి. స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో ఒక గీత గీస్తే మడత కత్తిలా వస్తుంది. బరువు భయం అక్కర్లేదు, ఆ సైజు ముక్క 8 గ్రాములు కూడా ఉండదు.

కిట్‌లో గుండె పంచ్ మీట పదకొండో రోజున విరిగింది. ఫొటో పెడితే వాపసు గడువు పది రోజులే అన్నారు. కాబట్టి కిట్‌కి ఐదుకి రెండు ఇస్తాను, ఆ రెండూ మంచు తునక కోసం, గుండ్రం కోసం. మూడోది సీతాకోకచిలుక, దానికి మార్కులు ‘చి.ల.సౌ.’కే ఇచ్చేశాను. విడిగా కొన్న గుండ్రం పంచ్‌లకి నాలుగున్నర, స్టాంపు కుర్రాడికి ఐదుకి ఐదు, కాకపోతే తెలుగు మాట టైపు చేసి పంపకండి, రాసి పంపండి.

చెల్లికి కార్డు పంపిన వారానికి మా అత్తయ్య ఆ షాపు ఎక్కడో అడిగారు. దేనికి అంటే, ఆవకాయ జాడీల మీద కట్టే గుడ్డ మీద కొట్టడానికి తన పేరు, ఏడాది స్టాంపు కావాలట. ఏడాది అంకెలు ఏటేటా మారతాయి కదా అత్తయ్యా అన్నాను. అయితే 20 దాకా చేయించి, మిగతా రెండంకెలూ పెన్నుతో రాసుకుంటాను అన్నారు.