పేరు, కథ, పదబంధం: ఇండో-యూరోపియన్ పురాణాల పోలికలో దేని మాట నమ్మాలి?

ఇంద్రుడు వృత్రుణ్ణి చంపాడు. ప్రాచీన స్కాండినేవియా (నార్స్) దేవుడు థోర్ మహాసర్పంతో తలపడ్డాడు. నేటి టర్కీ ప్రాంతంలో ఒకప్పుడుండిన హిట్టైట్ల పిడుగుల దేవుడు ఇల్లుయంక అనే పామును మట్టుబెట్టాడు. ఈ మూడు కథల భాషలూ ఒకే మూలభాష నుంచి పుట్టిన ఇండో-యూరోపియన్ కుటుంబానివే, కానీ కథలు కూడా ఒకే మూలకథ నుంచి వచ్చాయనడానికి ఇంత పోలిక చాలదు. పోల్చేటప్పుడు దొరికే ఆధారాలు ముఖ్యంగా మూడు రకాలు: దేవుళ్ల పేర్లు, కథ నడక, స్థిరపడిన పదబంధాలు. వాటి బలం సమానం కాదు.

పేరు కలిస్తే, అదీ బంధు భాషల్లో శబ్దాలు మారే క్రమాన్ని చెప్పే ధ్వని సూత్రాల ప్రకారం కలిస్తే, బంధుత్వం గట్టిదే. ఋగ్వేదంలో "ద్యౌష్పితః", గ్రీకులో "జెవ్ పాతెర్", లాటిన్‌లో "యూపిటెర్": మూడూ ఆకాశమనే తండ్రిని పిలిచే పిలుపులే. వేకువ దేవతల పేర్లయిన వేదపు ఉషస్సు, గ్రీకు ఇయోస్, లాటిన్ అరోరా కూడా అంతే. అయితే పేరు తన వెంట కథను మోసుకురాదు. ద్యౌస్సుకు ఋగ్వేదంలో విడిగా ఒక్క సూక్తమైనా లేదు, పృథివితో కలిపే స్తుతిస్తారు. జ్యూస్ చేతిలో ఉన్న పిడుగు ఇక్కడ ఇంద్రుడిది. చెవికి దగ్గరగా వినిపించినంత మాత్రాన పేర్లను కలపడం మరో ప్రమాదం. 19వ శతాబ్దంలో వరుణుణ్ణి గ్రీకు ఊరనోస్‌తో జతచేశారు, ఆ జత ధ్వని సూత్రాలకు నిలవలేదు.

మూడింటిలో అన్నిటికంటే బలహీనమైన సాక్షి కథే. సర్పసంహారం బాబిలోన్‌లోనూ, ఉగరిట్‌లోనూ, జపాన్‌లోనూ ఉంది. ఇల్లుయంక కథ హిట్టైట్లకు హత్తి సంప్రదాయం నుంచి వచ్చిందనే బలమైన అభిప్రాయం ఉంది, హత్తి ఇండో-యూరోపియన్ భాషే కాదు. క్రోనోస్ తన తండ్రి అయిన ఆకాశదేవుడి జననాంగాన్ని కోసిన గ్రీకు కథకు దగ్గరి పోలిక ఇండో-యూరోపియన్ కాని హుర్రియన్ల కుమర్బి కథలో కనిపిస్తుంది. మనువు జలప్రళయం శతపథ బ్రాహ్మణంలో ఉంది కానీ ఋగ్వేదంలో లేదు, మెసొపొటేమియా ప్రళయ కథ దానికంటే పాతది. కథలు పొరుగువారి నుంచి తేలిగ్గా చేతులు మారతాయి.

అందుకే పదబంధానికి విలువ ఎక్కువ. ఋగ్వేదం 1.32లో ఇంద్రుడి పరాక్రమం "అహన్నహిమ్" అన్న రెండు మాటల్లో ఉంది, అంటే పామును చంపాడని. జొరాస్ట్రియన్ల పవిత్ర గ్రంథం అవెస్తాలో థ్రయేతవోన అనే వీరుడు మూడు తలల అజి దహాకను చంపినప్పుడు వచ్చే మాట "జనత్ అజీమ్". క్రియ ధాతువూ అదే, పామును చెప్పే పదమూ అదే. కథతో పాటు దాన్ని చెప్పే పలుకు కూడా కలిసిందన్నమాట. 1853లో ఆడల్‌బర్ట్ కూన్ చూపిన జత ఇంకా ప్రసిద్ధం: వేదంలో "అక్షితం శ్రవః", గ్రీకు మహాకావ్యం ఇలియడ్ 9వ సర్గలో "క్లెయోస్ అఫ్థితోన్", రెండూ తరగని కీర్తే. అయితే ఋగ్వేదం 1.9.7లో ఆ రెండు మాటలు పక్కపక్కన లేవు, మధ్యలో వేరే పదాలున్నాయి. ఇలాంటి చోట మూలాన్ని స్వయంగా విప్పి చూడకుండా జతను ఒప్పుకోకూడదు.

పేరూ పదబంధమూ రెండూ దొరకనప్పుడు కాకతాళీయంగా కలవలేని వివరాల గుంపును వెతకాలి. అశ్వినులు, గ్రీకు దియోస్కూరులు, లాట్వియా జానపద గీతాల్లోని దేవుడి కొడుకులు: పేర్లు వేరు. కానీ ముగ్గురి చోటా వాళ్లు ఆకాశదేవుడి కొడుకులే, గుర్రాలతో సంబంధం ఉన్నవాళ్లే. అశ్వినులు నడిసముద్రంలో మునిగిపోతున్న భుజ్యుణ్ణి నూరు తెడ్ల నావలో గట్టెక్కిస్తారు, దియోస్కూరులు తుఫానులో చిక్కిన నావికులను కాపాడతారు. అశ్వినులకు సూర్యుడి కూతురితో పెళ్లి సంబంధం, లాట్వియా గీతాల్లోనూ అదే. వివరానికి వివరం ఇలా తగులుతుంటే ఒంటరి పేరు కంటే దీనికే ఎక్కువ మార్కులు వేయాలి.

తెలుగు పాఠకుడికి ఒక హెచ్చరిక: మనకు అలవాటైన పౌరాణిక రూపాన్ని పోలికకు తీసుకోవద్దు. వరుణుడు మనకు సముద్రాధిపతి, వేదంలో ఋతాన్ని, అంటే విశ్వ నియమాన్ని, కాపాడే రాజు. ప్రతి సంస్కృతిలోనూ దొరికిన అతి పాత పొరతోనే మొదలుపెట్టాలి.

ఈ కొలతలతో, ఎవరి దేహం నుంచి లోకం పుట్టిందని చెబుతారో ఆ పురుషుణ్ణీ నార్స్ ఆదిమ రాక్షసుడు ఈమిర్‌నూ చూడండి. ఈమిర్ మాంసం నేల, నెత్తురు సముద్రం, ఎముకలు కొండలు, పుర్రె ఆకాశం. పురుషసూక్తంలో తల ఆకాశం, పాదాలు భూమి, కన్ను సూర్యుడు, మనస్సు చంద్రుడు. కలిసింది తల ఒక్కటే. ఈమిర్ పేరు కలిసేది పురుషుడితో కాదు, యముడితో; రెండూ "కవల" అనే మాట నుంచి వచ్చినవే. కానీ ఋగ్వేదంలో యముడు మొదట మరణించి దారి చూపినవాడే తప్ప ముక్కలైనవాడు కాడు. అవెస్తాలో యముడికి సాటి అయిన యిమను మాత్రం రంపంతో కోస్తారు. 1975లో బ్రూస్ లింకన్ ఈ తునకలను కలిపి బలి అయిన కవల అనే మూలకథను నిర్మించాడు. నమ్మదగిన ఊహే, కానీ ద్యౌష్పితః జతకున్నంత బలం దీనికి ఇవ్వలేం.