డిప్రెషన్‌కి గేమ్: కొత్తగా చెయ్యాలా, ఉన్నదే వాడాలా?

ఏటా డిసెంబరు దాటగానే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. చుట్టాల పిల్లలో, తెలిసినవాళ్ళ పిల్లలో, అందరూ బీటెక్ ఫైనల్ ఇయర్. "అన్నా, మెయిన్ ప్రాజెక్ట్‌కి మెంటల్ హెల్త్ మీద గేమ్ చేద్దామనుకుంటున్నాం, యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో. ఓకేనా?" అంటారు. ఓకేనే. కానీ ఏ గేమ్, ఏం చెయ్యడానికి అని అడిగితే అవతలి నుంచి కాసేపు మాట రాదు.

దారులు మూడున్నాయి. చికిత్స కోసమే ఒక గేమ్‌ని మొదటినుంచీ తయారు చెయ్యడం ఒకటి. జనం సరదాకి ఆడే గేమ్‌నే తీసుకుని చికిత్సకి వాడటం రెండోది. మామూలు యాప్‌కి పాయింట్లు, బ్యాడ్జీలు తగిలించడం మూడోది. మొదటి రకాన్ని సీరియస్ గేమ్ అంటారు. 1970లో క్లార్క్ ఆప్ట్ అదే పేరుతో పుస్తకం రాశాక ఆ మాట బాగా వాడుకలోకి వచ్చింది.

మూడోదాన్ని ముందే పక్కన పెట్టేస్తాను. మంచం దిగడమే కష్టంగా ఉన్న మనిషి వారం తర్వాత యాప్ తెరిస్తే "మీ 5 రోజుల స్ట్రీక్ పోయింది" అని కనిపిస్తుంది. తన వల్ల ఏదీ కాదని అప్పటికే నమ్ముతున్న మనిషికి ఇంకో రుజువు ఇచ్చినట్టే. నడకకో, నీళ్ళు తాగడానికో బ్యాడ్జీలు పనికొస్తాయేమో. దిగులుకి మాత్రం అవి మందు కావు.

అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే.

మొదటి రకంలో నేను ముందుగా చూపించేది న్యూజిలాండ్ వాళ్ళ స్పార్క్స్. ఆక్లండ్ యూనివర్సిటీలో శాలీ మెర్రీ బృందం దీన్ని రూపొందించింది. గేమ్ తయారు చేసింది మారు నిహోనిహో స్థాపించిన మెటియా ఇంటరాక్టివ్. చూడటానికి మామూలు ఫాంటసీ గేమే. ఆడేవాళ్ళు ఒక పాత్రను ఎంచుకుని, దిగులు కమ్మేసిన లోకంలోకి వెళ్తారు. అక్కడ నల్లగా ముసిరే పురుగుల్లాంటివి మీదికొస్తాయి, వాటి పేరు నాట్స్. "నీకేదీ చేతకాదు" లాంటి ఆలోచనలే వాటి రూపం. వాటిని కాల్చాలి, ఎలాంటి ఆలోచనో గుర్తుపట్టాలి. లెవెల్ అయ్యాక గైడ్ పాత్ర నేరుగా మనవైపు తిరిగి, "ఇది నీ రోజువారీ జీవితంలో ఎక్కడ పనికొస్తుంది?" అన్న ధోరణిలో మాట్లాడుతుంది. కౌన్సెలర్లు చేసే సీబీటీనే, అంటే ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్సనే, ఏడు భాగాలుగా విడగొట్టి గేమ్‌లో పెట్టారన్నమాట.

2012లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్‌లో 12 నుంచి 19 ఏళ్ళ పిల్లలు 187 మంది ఉన్నారు. సగం మందికి గేమ్, సగం మందికి మామూలుగా దొరికే కౌన్సెలింగ్. గేమ్ ఏమాత్రం తీసిపోలేదు. ట్రయల్ పద్ధతి ప్రకారం చివరిదాకా సాగినవాళ్ళ లెక్క తీస్తే, డిప్రెషన్ నుంచి బయటపడినవాళ్ళు గేమ్ వైపు 43.7 శాతం, కౌన్సెలింగ్ వైపు 26.4 శాతం. 2014లో న్యూజిలాండ్‌లో దీన్ని ఉచితంగా అందుబాటులోకి తెచ్చారు.

ఇక రెండో రకం. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్, పైనుంచి పడే ముక్కల్ని తిప్పి పేర్చే టెట్రిస్ గేమ్ రాసినప్పుడు చికిత్స ఆయన ఊహలో కూడా లేదు. సైకాలజిస్టు ఎమిలీ హోమ్స్ బృందం ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో దాన్నే వాడింది. రోడ్డు ప్రమాదం జరిగి ఆరు గంటలు దాటకుండా వచ్చిన 71 మందిని తీసుకున్నారు. ప్రమాదంలో కళ్ళముందు మెదిలే భయంకరమైన క్షణాల్ని ముందు ఒకసారి క్లుప్తంగా గుర్తుచేసుకోమన్నారు. తర్వాత టెట్రిస్ ఇచ్చి, పడబోయే ముక్కని మనసులోనే తిప్పి చూసుకుంటూ 20 నిమిషాలు ఆడమన్నారు. రెండో గుంపు ఆ సమయంలో ఆసుపత్రిలో ఏమేం చేశారో రాసుకుంది. మొదటి వారంలో వద్దన్నా వచ్చే ఆ జ్ఞాపకాలు టెట్రిస్ ఆడినవాళ్ళకి సగటున 8.7 సార్లు, రెండో గుంపుకి 23.3 సార్లు వచ్చాయి.

ఏ గేమ్ ఇచ్చినా ఇంతే కదా అనిపిస్తుంది. కాదు. అంతకుముందు లాబ్‌లో భయంకరమైన వీడియో చూపించి చేసిన ప్రయోగంలో, మాటలతో నడిచే క్విజ్ ఇచ్చినవాళ్ళకి ఆ జ్ఞాపకాలు తగ్గకపోగా పెరిగాయి. దృశ్యం మెదడులో గట్టిపడే వేళకి, దృశ్యాలతో పని పెట్టే ఆటే అడ్డుపడాలి. అంటే పని చేసేది గేమ్ పేరో, గ్రాఫిక్సో కాదు. దాని లోపలి మెకానిక్, అంటే ఆట మనచేత చేయించే పని.

కష్టపడి సొంతంగా గేమ్ చేసినవాళ్ళకి కాస్త మింగుడుపడని ఫలితం ఇంకోటుంది. నెదర్లాండ్స్‌లో ఆందోళన ఎక్కువున్న పిల్లల కోసం మైండ్‌లైట్ అనే గేమ్ చేశారు. తలకి సెన్సర్ పెట్టుకుని ఆడాలి. చీకటి నిండిన బామ్మగారి బంగళాలో పిల్లాడు నడుస్తుంటాడు. ఆడేవాళ్ళు నెమ్మదించి స్థిమితపడితే పాత్ర తలమీది వెలుగు పెరుగుతుంది, కంగారుపడితే మసకబారుతుంది. ఐడియా అదిరింది! 2016లో వచ్చిన ట్రయల్‌లో 136 మంది పిల్లలు ఉన్నారు. పోలిక కోసం రెండో గుంపుకి మార్కెట్లో దొరికే మామూలు పజిల్ గేమ్ ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ ఆందోళన తగ్గింది. గుంపుల మధ్య తేడా మాత్రం తేలలేదు.

నేనైతే దీన్ని ఫెయిల్యూర్ అనను. ఆ పజిల్ గేమ్ గుంపు లేకపోయుంటే "మా గేమ్‌తో ఆందోళన తగ్గింది" అని పేపర్ వేసి చప్పట్లు కొట్టించుకునేవాళ్ళు. మన కాలేజీ ప్రాజెక్టుల్లో కనిపించనిది సరిగ్గా ఇదే. పది మంది ఫ్రెండ్స్‌కి గేమ్ ఇచ్చి, ముందూ తర్వాతా గూగుల్ ఫామ్ నింపించి, గ్రాఫ్ దిగింది చూశారా అంటారు. ఆ ఫ్రెండ్స్‌ని కాసేపు క్యారమ్స్ ఆడించినా దిగేదేమో!

మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2020 జూన్‌లో మొదటిసారి ఒక వీడియో గేమ్‌ని ప్రిస్క్రిప్షన్‌ మీద ఇవ్వడానికి ఒప్పుకుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) ఉన్న పిల్లల కోసం చేసిన ఆ గేమ్ పేరు ఎండెవర్ఆర్ఎక్స్. 348 మంది పిల్లల ట్రయల్‌లో, కంప్యూటర్ మీద పెట్టిన ఏకాగ్రత పరీక్షలో గేమ్ గుంపే ముందుంది. కానీ తల్లిదండ్రులు ఇచ్చిన మార్కుల్లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దేన్ని కొలుస్తున్నామో ముందే తేల్చుకోకపోతే ఇలాంటి చోటే తడబడతాం.

ఇంజినీరింగ్ వైపు నుంచి చూస్తే సొంత గేమ్‌కి ఇంకో చిక్కుంది. ప్రతి వారం బిల్డ్ మార్చడం మనకి అలవాటు. ట్రయల్ మొదలయ్యాక అలా కుదరదు, మొదటి పిల్లాడు ఆడిందీ చివరి పిల్లాడు ఆడిందీ ఒకే వెర్షన్ అయ్యుండాలి. ట్రయల్ నెలల తరబడి సాగుతుంది, ఈలోపు ఫోన్లు, ఆండ్రాయిడ్ మారిపోతాయి. సైకాలజిస్టు ఒక్క వాక్యం మార్చమన్నా కోడ్ తెరవాల్సి వస్తే ఇక అంతే. డైలాగులన్నీ మొదటిరోజు నుంచే విడి ఫైల్లో ఉండాలి. టెట్రిస్‌తో ఈ తలనొప్పి లేదు. కాకపోతే అది ఒక్క ఇరుకైన పనికే పనికొస్తుంది. ఆలోచనా ధోరణిని మార్చడం అది నేర్పదు.

అందుకే నాలుగు నెలల టైమున్న బ్యాచ్‌కి నేను చెప్పేది రెండో దారే. ఉన్న గేమ్ ఒకటి తీసుకోండి, అందులో ఒక్క మెకానిక్ పట్టుకోండి, పోలికకి ఇంకో గుంపు పెట్టండి. పక్కన సైకాలజిస్టు, చేతిలో రెండేళ్ళు, కాస్త ఫండింగ్ ఉంటే అప్పుడు స్పార్క్స్ దారి పట్టొచ్చు. టీనేజ్ పిల్లలకి ఆలోచించే పద్ధతే నేర్పాలంటే అదే మేలు, అందులో నాకు అనుమానం లేదు.

పోయిన ఏడాది ఒక బ్యాచ్ వాళ్ళు నా మాట వినకుండా సొంత గేమే చేశారు. డెమోకి రమ్మంటే వెళ్ళాను. మొదట్లో పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు పెట్టారు, అంటే డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. నేను కావాలనే అన్నిటికీ 3 నొక్కాను. స్కోరు 27, అంతకన్నా ఎక్కువ రాదు. "ఈరోజు డల్‌గా ఉన్నారు! ఒక గేమ్ ఆడదామా?" అని స్క్రీన్ మీద వచ్చింది. ఫామ్ పూర్తిచేసినందుకు 10 నాణేలు గలగలమని పడ్డాయి.

ఎవరూ నవ్వలేదు. ఆ రాత్రే ఆ స్క్రీన్ తీసేసి, తెలుగులోనూ మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెట్టి, నొక్కగానే కాల్ వెళ్ళేలా చేశారు. నాణేల శబ్దం తియ్యడం మాత్రం మర్చిపోయారు. మర్నాడు పొద్దున్న ఫోన్ చేసి గుర్తుచేశాను.