కర్నూలులో స్కానర్ పేరుతో వాకీటాకీ అంటగట్టారు: డబ్బు కట్టేముందు పెట్టె తెరిపించండి

చేతిలో పట్టే రేడియో స్కానర్ (ఎన్నో ఛానళ్లను ఒకదాని తర్వాత ఒకటి వెతికి వినిపించే, వినడానికి మాత్రమే పనికొచ్చే రేడియో) కొనాలనుకుంటున్నవారు, ముఖ్యంగా కర్నూలు, నంద్యాల వైపు వారు, దయచేసి ఇది పూర్తిగా చదవండి. నేను 6,800 రూపాయలు పోసి కొన్నది అసలు స్కానరే కాదు. పెట్టె మీద ‘స్కానర్’ అని ఉంది. బిల్లు మీద ఉత్త ‘రేడియో’ అని రాశారు. లోపల ఉన్నది పక్కన మాట్లాడే మీటతో 5 వాట్ల వాకీటాకీ, అంటే లైసెన్సు లేనివారు ఇంట్లో ఉంచుకోకూడని వస్తువు.

నాకు రేడియో మీద ప్రేమ 2009 అక్టోబరులో పుట్టింది. వరద కర్నూలును ముంచినప్పుడు మేము రెండు రాత్రులు మేడ మీదే ఉన్నాం. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. పక్కింటి తాతగారి బ్యాటరీ ట్రాన్సిస్టర్‌లో వినిపించిన కడప ఆకాశవాణి ఒక్కటే మాకు బయటి లోకం. ఇన్నేళ్లకు చేతిలో కొంత డబ్బు మిగిలింది. హ్యామ్ రేడియోవాళ్ల (పరీక్ష రాసి లైసెన్సు తీసుకుని, సరదా కోసం రేడియోలో మాట్లాడుకునేవారి) సంభాషణలు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 145.800 మెగాహెర్ట్జ్ మీద అప్పుడప్పుడూ వచ్చే స్వరాలు, మా ఊరి మీదుగా ఎగిరే విమానాల మాటలు వినాలని ఆశపడ్డాను. అమెరికా నగరాల్లో స్కానర్లు పట్టుకుని వినేవారి వీడియోలు చూసి ఆ ఆశ ఇంకా పెరిగింది.

దుకాణదారు నా ఆశను ఇట్టే పసిగట్టాడు. “సార్, ఇందులో విమానాలు, పోలీసులు, ఫైరింజన్లు, రైల్వే అన్నీ వస్తాయి. ఊరంతా మీ చేతిలో ఉన్నట్టే” అన్నాడు. పోలీసుల మాట ఎత్తినప్పుడే నేను లేచి వచ్చేయవలసింది. కూర్చునే ఉన్నాను.

ఆ సాయంత్రం మేడ ఎక్కి 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా తిప్పాను. తెర మీద అంకెలు చక్కగా మారాయి. నెత్తి మీద విమానం పోతున్నా బురబుర తప్ప ఒక్క మాట లేదు. తర్వాత తెలిసిన కారణం ఇది: విమానాలు ఏఎం పద్ధతిలో మాట్లాడతాయి, నాకు అమ్మిన సెట్టు ఎఫ్ఎం మాత్రమే వింటుంది. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సంకేతం రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. ఏఎంలో రెండోది కూడా ఎంతో కొంత వినిపిస్తుంది కాబట్టి ఇంకెవరో పిలుస్తున్నారని విమానాలను నడిపించే నేల మీది కంట్రోలరుకు తెలుస్తుంది. విమానయానంలో పాత పద్ధతి ఇప్పటికీ నిలవడానికి ఇదొక ముఖ్య కారణం. కాబట్టి పెట్టె మీద రాసిన అంకెలను చూసి నమ్మకండి. విమానాల పౌనఃపున్యాల పట్టీలో (బ్యాండ్‌లో) ఏఎం వింటుందా లేదా అన్నది దుకాణంలోనే తేల్చుకోండి.

వేగం సంగతి కూడా అంతే. స్కాన్ మీట నొక్కితే సెకనుకు మూడు నాలుగు ఛానళ్లు మాత్రమే చూస్తుంది. 128 ఛానళ్లు నింపితే ఒక చుట్టు తిరిగేసరికి అర నిమిషం పైనే పడుతుంది. ఎవరైనా రెండు సెకన్లు మాట్లాడి ఆపేస్తే ఆ మాట మనకు దొరకదు. వినడం కోసమే తయారైన స్కానర్లలో సెకనుకు వంద ఛానళ్ల దాకా చూసేవి ఉన్నాయి.

పనిచేయని వస్తువు అంటగట్టారని మాత్రమే అయితే ఇంత రాసేవాడిని కాదు. హ్యామ్ లైసెన్సు ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి దాన్ని తీసుకువెళ్లాను. ఆయన చేతిలోకి తీసుకుని, పక్క మీట మీద వేలు పెట్టి, “నాయనా, దీన్ని ఎప్పుడైనా నొక్కావా?” అని అడిగారు. లైటు మీట అనుకుని ఒకసారి నొక్కానని చెప్పాను. “ఏ పౌనఃపున్యం మీద ఉండగా?” అన్నారు. నాకు గుర్తులేదు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడకుండా బ్యాటరీ ఊడదీసి నా చేతిలో పెట్టారు. ఆ మీట నొక్కిన క్షణంలో అంబులెన్సువాళ్లో, అగ్నిమాపక సిబ్బందో ఆ పౌనఃపున్యం మీద మాట్లాడుతూ ఉంటే వారి మాటకు నేను అడ్డం పడి ఉండేవాడిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడాన్ని మన దేశంలో 1933 చట్టమే నిషేధించింది. మనకు ఉద్దేశించని సందేశాలను అక్రమంగా అడ్డగించి వింటే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పోలీసుల సంభాషణలే కాదు, నేను ఆశపడ్డ విమానాల మాటలు కూడా ప్రజల కోసం చేసే ప్రసారాలు కావని పెద్దాయన చెప్పారు. ఆ కోరిక వదిలేశాను. అమెరికాలో చాలాచోట్ల ఇలా వినడానికి అనుమతి ఉంది, అందుకే అక్కడ స్కానర్లు బాహాటంగా అమ్ముతారు. వారి ఖరీదైన డిజిటల్ స్కానర్లు వారి నగరాల వ్యవస్థల కోసం తయారైనవి. వాటిని ఇక్కడికి తెప్పించుకుంటే కస్టమ్స్ దగ్గర చిక్కు ఒకటి, తెచ్చాక వినడానికి పెద్దగా ఏమీ ఉండకపోవడం ఇంకొకటి.

అందుకే పెట్టె తెరిపించి ముందు మాట్లాడే మీట ఉందేమో చూడండి. ఉంటే అది స్కానర్ కాదు, ఎవరు ఏ పేరు పెట్టినా సరే. లైసెన్సు అక్కర్లేని వాకీటాకీలకు మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా చిన్న పట్టీ కేటాయించారు. వాటికి కూడా ఈటీఏ అనే ఆమోద పత్రం ఉండాలి, దాన్ని చూపించమని అడగండి. ఆన్‌లైనులో వాకీటాకీలు అమ్మేవారు పౌనఃపున్యాలు, లైసెన్సు వివరాలు స్పష్టంగా చెప్పాలని 2025లో కేంద్రం మార్గదర్శకాలు కూడా తెచ్చింది. బిల్లు మీద మోడల్ పేరు రాయనంటే డబ్బు తీయకండి. నా బిల్లు మీద ‘రేడియో’ అని తప్ప ఏమీ లేకపోవడం వల్లే నా వాదన సగం వీగిపోయింది.

వినాలనే తపన నిజంగా ఉంటే కంప్యూటర్‌కు తగిలించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చిన్న రిసీవరు చూడండి. ప్రసారం చేసే శక్తి దానికి లేదు, ఏఎం, ఎఫ్ఎం రెండూ వింటుంది. హ్యామ్ సంభాషణలు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య దొరుకుతాయి. నేను మాత్రం పెద్దాయన సలహా మీద హ్యామ్ పరీక్షకు చదువుతున్నాను.

ఆ సెట్టును వెనక్కి తీసుకోవడానికి దుకాణదారు మొదట ఒప్పుకోలేదు. పెట్టె తెరిచారు కాబట్టి కుదరదన్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాక, 23వ రోజున 1,200 కోసుకుని మిగిలిన డబ్బు ఇచ్చాడు.

నిన్న అదే వీధిలో వెళ్తూ అద్దాల బీరువా వైపు చూశాను. మూత మూల నా చేతిలోనే చిరిగింది కాబట్టి పెట్టెను గుర్తుపట్టాను. ఇప్పుడు ధర 5,500. పైన ‘స్కానర్’ అనే చీటీ అలాగే ఉంది.