శిలాజాలు: ఏరుకోవాలా, కొనుక్కోవాలా?

ఇంగ్లండ్‌లో ఉంటూ కొత్తగా శిలాజాలు పోగుచేయాలనుకునేవాళ్లకు రెండు దారులు: డోర్సెట్‌లోని చార్‌మత్ బీచ్‌లో ఏరుకోవడం, లేదా మొరాకో ట్రైలోబైట్ (కోట్ల ఏళ్ల క్రితం సముద్రంలో బతికిన, గట్టి పెంకున్న జీవి శిలాజం) కొనుక్కోవడం.

ఖర్చు: బీచ్‌లో రాయి ఉచితం, ప్రయాణానికే డబ్బు. కొంటే చిన్నవి చవకే, ముళ్లున్న రకాలు బాగా ఖరీదు.

శ్రమ: కొనడానికి పెద్ద పనేం లేదు. ఏరడానికి ఓపిక కావాలి. చలికాలపు తుఫాను వెలిశాక, పోటు తగ్గుతున్నప్పుడు గులకరాళ్ల మధ్య వెతికితే అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గుల్ల ఉన్న పాత సముద్రజీవుల శిలాజాలు) దొరుకుతాయి.

రిస్క్: కొండచరియ కింద నిలబడొద్దు, సుత్తితో కొట్టొద్దు, విరిగి మీద పడుతుంది. పోటు వేళలు చూసుకోకపోతే చిక్కుకుపోతారు. పైరైట్‌గా (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మారిన అమ్మోనైట్‌కు తేమ తగిలితే ఇంట్లోనే పొడిపొడి అవుతుంది. కొనుగోలులో అసలు టెన్షన్ నకిలీలతో. రెజిన్‌తో (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) పోతపోసినవి, ముక్కలు అతికించినవి బోలెడు. భూతద్దంలో గాలి బుడగలు కనిపిస్తే వదిలేయండి.

ఇంకోటి, ఎక్కడ దొరికిందో తెలియని శిలాజానికి శాస్త్రపరంగా విలువ తక్కువ. ఏరుకున్నదానికి ఎక్కడ దొరికిందో చీటీ మీరే రాసుకోవచ్చు. కొన్నదానికి చాలాసార్లు ‘మొరాకో’ అన్న మాటే దిక్కు.

పిల్లలుండి, తీరం దగ్గరైతే చార్‌మత్‌కే నా ఓటు. ట్రైలోబైటే కావాలంటే మాత్రం అక్కడ వెతికి లాభం లేదు. అవి సుమారు 25 కోట్ల ఏళ్ల క్రితమే అంతరించాయి, చార్‌మత్ కొండలు ఆ తర్వాతి జురాసిక్ కాలానివి. కొనుక్కోండి.