సేల్స్‌మన్ వారీ బాకీల యాడ్-ఆన్: రిపోర్ట్ బంగారం, లోపలి నంబరుతోనే తంటా

లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీప్రైమ్ బాకీలను పార్టీ వారీగా చూపిస్తుంది, గ్రూపు వారీగా చూపిస్తుంది. ఏ సేల్స్‌మన్ తెచ్చిన ఆర్డర్ తాలూకు బిల్లు ఎన్నాళ్లుగా వసూలు కాలేదో మాత్రం దానంతటది చెప్పదు. ఆ లోటు తీర్చే టీసీపీ ఫైళ్లు, అంటే ట్యాలీ సొంత ప్రోగ్రామింగ్ భాష టీడీఎల్‌లో రాసి, కంపైల్ చేసి అమ్మే యాడ్-ఆన్‌లు, బజారులో బోలెడు. అలాంటి ఒకదాన్ని చాలాకాలం వాడాక రాస్తున్న మాటలివి. తయారుచేసినవాళ్ల పేరు అనవసరం. ఇందులో నేను తిట్టబోయే సంగతి ఏ రెండు యాడ్-ఆన్‌ల మధ్యనైనా రావచ్చు.

ముందు మంచి చెప్పాలి. సేల్స్ వోచర్‌లో, అంటే బిల్లు కొట్టే ఎంట్రీలో, పార్టీ పేరు కింద సేల్స్‌మన్ అని ఒక గడి వస్తుంది. రిపోర్ట్‌లో మనిషి పేరు మీద ఎంటర్ కొడితే అతని బిల్లులన్నీ 30, 60, 90 రోజుల వరసల్లో విడిపోయి వస్తాయి. ఇంకో ఎంటర్‌కి ఆ వోచరే తెరుచుకుంటుంది. పొద్దున్నే లైన్‌కి బయల్దేరే కుర్రాడి చేతిలో పెట్టడానికి ఇంతకన్నా మంచి కాగితం లేదు.

ఎక్కించడం తేలికే. ఎఫ్1 నొక్కి, టీడీఎల్ అండ్ యాడ్-ఆన్‌లోకి వెళ్లి, ఎఫ్4తో మేనేజ్ లోకల్ టీడీఎల్స్ తెరిచి, స్టార్టప్‌లో లోడ్ చేయాలా అన్నచోట యెస్ పెట్టి, ఫైల్ ఉన్న పూర్తి దారి ఇవ్వాలి. లిస్టులో ఫైల్ పక్కన యాక్టివ్ అని ఉంటే ఎక్కినట్టే. మల్టీ యూజర్ లైసెన్స్ ఉన్నచోట ఈ పని ప్రతి కంప్యూటర్‌లోనూ చేయాలి. మర్చిపోయిన సిస్టమ్‌లో కొట్టిన బిల్లులకు సేల్స్‌మన్ గడే ఉండదు, అవన్నీ రిపోర్ట్‌లో పేరు లేని వరసలో పోగవుతాయి.

మర్నాటికి యాడ్-ఆన్ మాయమైతే ముందు చూడాల్సింది ట్యాలీ తన సెట్టింగులు రాసుకునే ట్యాలీ డాట్ ఐఎన్ఐ ఫైల్. యూజర్ టీడీఎల్ యెస్ అన్న లైను, దానితోపాటు ఫైల్ దారి ఉన్న లైను, రెండూ ఉండాలి. ట్యాలీని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వేసుంటే విండోస్ ఆ ఐఎన్ఐని రాయనివ్వకపోవచ్చు. ఒకసారి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి సెట్టింగ్ పెడితే నిలుస్తుంది. కొత్త వెర్షన్‌ను వేరే ఫోల్డర్‌లో వేస్తే ఐఎన్ఐ కూడా కొత్తదే కాబట్టి దారి మళ్లీ ఇవ్వాలి. ఫైల్‌ను నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టడం వద్దు. సర్వర్ ఆన్ కాకముందే ట్యాలీ తెరిస్తే యాడ్-ఆన్ లేకుండానే తెరుచుకుంటుంది, ఆ సంగతి బిల్లింగ్ చేసే మనిషికి తట్టదు. టీసీపీని లైసెన్స్ సీరియల్ నంబరుకు కట్టి ఇచ్చే డెవలపర్లు ఉన్నారు. లైసెన్స్ మారితే కొత్త ఫైల్ అడగాలి.

వెర్షన్ పెంచాక కుడ్ నాట్ ఫైండ్ డిస్క్రిప్షన్ అని ఎర్రర్ వస్తే దాని అర్థం వేరు. యాడ్-ఆన్ ట్యాలీలోని ఏదో ఒక ఫారాన్నో లైన్‌నో పేరు పెట్టి పిలుస్తోంది, కొత్త రిలీజ్‌లో ఆ పేరు లేదు. 3.0 లాంటి పెద్ద రిలీజ్‌కి మారేటప్పుడు ఇలాంటివి ఎదురవుతాయి. మన చేతిలో చేయగలిగిందేమీ లేదు, డెవలపర్ సరిచేసి మళ్లీ కంపైల్ చేయాలి.

ఇవన్నీ కనీసం తెరమీద కనబడే తప్పులు. అసలు కొంప ముంచేది చడీచప్పుడు చేయదు.

లారీ నంబర్ రాసుకోవడానికి వేరే డెవలపర్ దగ్గర ఇంకో టీసీపీ కొని పక్కన ఎక్కించాక, సేల్స్‌మన్ వారీ రిపోర్ట్‌లో మనుషుల పేర్ల మధ్య ఏపీ 16తో మొదలయ్యే లారీ నంబర్లు కనబడటం మొదలైంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. లారీకి తొంభై రోజుల బాకీ చూపించింది!

కారణం ఇది. యాడ్-ఆన్ తెచ్చే కొత్త గడిని యూడీఎఫ్ అంటారు. ట్యాలీ డేటాలో ఆ గడి విలువను పేరుతో దాచదు, దాని రకం, ఇండెక్స్ నంబర్ రెండిటినీ కలిపి గుర్తుపెట్టుకుంటుంది. ఇద్దరు డెవలపర్లు ఒకరికొకరు తెలియకుండా అక్షరాల రకానికి 1001 లాంటి గుండ్రటి నంబరే ఎంచుకుంటే రెండు గడులకూ ఒకటే అర. చివర రాసింది మిగులుతుంది. ఒకటి అక్షరాలది, ఇంకొకటి అంకెలది అయితే నంబర్ ఒకటైనా గొడవ లేదు. పాత వోచర్లు ముట్టుకోనంతవరకు క్షేమంగానే ఉంటాయి. కానీ వాటిని తెరిచినప్పుడు లారీ గడిలో మనిషి పేరు కనిపిస్తుంది. తప్పు పడిందనుకుని ఎవరైనా దాన్ని చెరిపేసి సేవ్ చేశారా, సేల్స్‌మన్ పేరు కూడా పోయినట్టే.

అనుమానం తీర్చుకోవడానికి డెవలపర్ అక్కర్లేదు. రెండు గడులూ నింపిన బిల్లు ఉన్న ఒక్కరోజు డే బుక్‌ను ఆల్ట్ ఇ నొక్కి ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. యూడీఎఫ్ అని మొదలయ్యే లైన్‌లో టైప్, ఇండెక్స్ అని రెండూ ఉంటాయి. ముందు ఒక యాడ్-ఆన్ మాత్రమే ఎక్కించి చూడండి, తర్వాత రెండోది మాత్రమే. రెండుసార్లూ టైప్, ఇండెక్స్ ఒకటే వస్తే దొంగ దొరికినట్టే. గడి పేరు బదులు యూడీఎఫ్ పక్కన పొడుగాటి సంఖ్య మాత్రమే కనిపిస్తే, ఆ డేటాను రాసిన యాడ్-ఆన్ అప్పుడు లోడ్ అయి లేదని అర్థం.

బాగుచేయడానికి ముందు బ్యాకప్ తీయాలి. ఎక్కువ డేటా పాత యాడ్-ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి దాని నంబర్ అలాగే ఉంచి, కొత్తదాని ఇండెక్స్ మార్చి కంపైల్ చేసిమ్మని అడగాలి. పాత అరలో పడ్డ లారీ నంబర్లు వాటంతటవి కొత్త అరలోకి రావు. ఆ తేదీల వోచర్లకు డెవలపర్ చేత చిన్న ఫంక్షన్ రాయించి మార్పించుకోవాలి, తక్కువ ఉంటే చేత్తో కొట్టుకోవాలి. చెరిగిపోయిన సేల్స్‌మన్ పేర్లను పాత బ్యాకప్‌ను వేరే ఫోల్డర్‌లో రీస్టోర్ చేసి చూసుకోవాలి. ఆ తర్వాత కొట్టిన బిల్లులకు ఆర్డర్ పుస్తకమే దిక్కు. కొనేముందే మీ ఇండెక్స్ ఎంత అని అడిగితే ఇంత తతంగం ఉండదు. ఆ ప్రశ్నకు నసిగే డెవలపర్ దగ్గర నేనైతే కొనను.

పైన పొగిడిన రిపోర్ట్ సంగతి కూడా కొంత. సేల్స్‌మన్ పేరు ఉండేది సేల్స్ వోచర్‌లోనే. వసూలైన డబ్బును అగైనెస్ట్ రెఫ్‌గా బిల్లుకు తగిలించకుండా ఆన్ అకౌంట్‌లో జమ చేస్తే ఆ జమ ఎవరి ఖాతాలోనూ తగ్గదు, కుర్రాడి బాకీ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. ఏడాది చివర డేటా స్ప్లిట్ చేస్తే, అంటే పాత ఏడాది లెక్కలను కొత్తవాటి నుంచి విడదీస్తే, పాత బిల్లులు ఓపెనింగ్ బ్యాలెన్స్‌లోకి వెళ్తాయి. వాటికి వోచర్ ఉండదు, కాబట్టి సేల్స్‌మన్ కూడా ఉండడు. 90 రోజులు దాటిన మొండి బాకీలు ఎక్కువగా అక్కడే ఉంటాయి మరి. పీరియడ్ ఏడాది మొత్తానికి పెడితే రిపోర్ట్ నెమ్మదిగా కదులుతుంది, ప్రతి బిల్లుకూ వోచర్ వెతుక్కోవాలి కదా.

అయినా మాకు ఇది కావాలి, ఒకే షాపుకు ఇద్దరు ముగ్గురు వేర్వేరు కంపెనీల సరుకు ఆర్డర్ రాసుకొస్తారు కాబట్టి. మీ దగ్గర ఒక షాపుకు ఒకడే సేల్స్‌మన్ అయితే పైసా పెట్టక్కర్లేదు. సండ్రీ డెటార్స్ కింద సేల్స్‌మన్ పేరుతో ఒక్కో గ్రూపు చేసి పార్టీలను అందులో పెట్టండి, గ్రూప్ అవుట్‌స్టాండింగ్స్ ఇదే లెక్క ఇస్తుంది. మనిషి మానేస్తే గ్రూపు పేరు మార్చుకుంటే సరి.